మన కొండలు మనకే

వెర్ల్ టాల్‌మాడ్జ్ ప్రతి మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని కౌంటీ సమావేశానికొస్తాడు. జనానికి మైకు దగ్గర తలా మూడు నిమిషాలిస్తారు. ఆయన టోపీ గుండెకి ఆనించుకుని, "మన కొండలు మనకిచ్చెయ్యండి! వాషింగ్టన్‌లో కూర్చున్నోళ్ళకి ఆవుకీ ఎద్దుకీ తేడా తెలుసా?" అని అరుస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పాట. ఆయనగారి నాలుగొందల ఆవులూ మాత్రం ఆ వాషింగ్టన్ సర్కారు కొండల మీదే కారుచౌక అద్దెకి మేస్తుంటాయి, పాపం.

మొన్న కౌంటీ కమిషనర్ లొరేటా నవ్వుతూ, "శుభవార్త బాబాయ్! కొండలు మనకే ఇచ్చేస్తారట. రాగానే వేలం వేసేద్దాం. లాస్ వెగాస్ కోటీశ్వరుడొకాయన మొత్తం కొని కంచె వేస్తాడట" అంది.

"మరి నా ఆవుల సంగతి?"

"ఆయన్నే అడగాలి."

వెర్ల్ గొంతు సవరించుకున్నాడు. "అంత తొందరేముందమ్మా? సర్కారోళ్ళు మాత్రం మనకి పరాయివాళ్ళా ఏంటి?"