కూటాలకు ముందు వారం

నిన్న సాయంత్రం మా కోడలు ఫోను నా చేతికిచ్చి, రాజమండ్రిలో తమ చర్చివారు పెట్టబోయే ఉజ్జీవ కూటాల ప్రకటన చూపించింది. రంగుదీపాల మధ్య ప్రసంగీకుల ఫోటో, రాలేనివాళ్లు ఇంట్లోంచే చూడొచ్చని కింద ఒక మాట. అది చూడగానే నాకు కూటాలకన్నా, చిన్నప్పుడు మా ఊళ్లో కూటాలకు ముందు గడిచే వారం గుర్తొచ్చి, ఈ వయసులోనూ గుండె గబగబా కొట్టుకుంది.

మాది గోదావరి మధ్య లంక ఊరు. ప్రసంగీకుల్ని పడవ మీద తీసుకురావాలి, కొబ్బరాకుల పందిరి వెయ్యాలి, పెట్రోమాక్స్ లైట్లు అద్దెకు తేవాలి. ఆ హడావిడిలో పిల్లలం అన్నం కూడా నిలబడే తినేవాళ్లం. అయితే మా పాస్టరు అయ్యగారు పందిరి గుంజలు పాతించకముందే రోజుకొక ఇంట్లో సిద్ధపాటు ప్రార్థనలు పెట్టేవారు. ఒక ఏడాది మా ఇంటి వంతు వచ్చింది.

స్త్రీల సమాజంలో పాట ఎత్తేది మా అమ్మే. దడికి అవతల ఇల్లు మా దొడ్డమ్మది, అంటే మా పెదనాన్నగారి భార్యది. దొడ్డమ్మ కూతుర్ని చూసుకోడానికి పెళ్లివారొచ్చిన రోజున, పిల్లకి కోపం జాస్తి అని అమ్మ నవ్వుతూ అన్న మాట వాళ్ల చెవిన పడి, ఆ సంబంధం తప్పిపోయింది. అప్పట్నుంచి తోటికోడళ్లిద్దరికీ మాటల్లేవు. అక్కకి వేరే సంబంధం కుదిరి, కూటాలు కాగానే పెళ్లి పెట్టుకున్నా మాకు పిలుపు రాలేదు. అక్క పెళ్లి చూడలేనేమోనని నాకు ఒకటే బెంగ.

మా ఇంట్లో ప్రార్థన పెట్టిన సాయంత్రం అయ్యగారు ఎవరి వంకా చూడకుండా అన్నారు. “పందిరి మనం వేసేసుకుంటామండి. మాటల్లేని మనుషులు ఆ పందిట్లో పక్కపక్కన కూర్చుని దేవుణ్ణి ఏం అడుగుతారండి?”

తర్వాత అమ్మ పాట ఎత్తింది. మొదటి చరణం దగ్గరే గొంతు ఆగిపోయింది. ఎన్నడూ లేనిది అలా జరిగేసరికి అందరూ తలలు వంచుకున్నారు.

తెల్లారాక అమ్మ నా చెయ్యి పట్టుకుని దడి చుట్టూ తిరిగి దొడ్డమ్మ వాకిట్లోకి నడిచింది. దొడ్డమ్మ పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

“ఏంటి, అయ్యగారు పంపేరా?”

“లేదక్కా. నీ కూతురి గురించి ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే. నిన్న నాకు పాట రాలేదు.”

దొడ్డమ్మ ఇంకో రొయ్య తీసి వలవసాగింది. తిప్పి పంపేస్తుందని నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఆఖరికి పక్కనున్న పీటని కాలితో ఇటు జరిపింది.

“చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా. కూర్చుని సగం నువ్వు వలువు.”

ఇద్దరూ వలుస్తూనే ఏడ్చారు, ఏడుస్తూనే పెళ్లి చీరల గురించి మాట్లాడుకున్నారు. నేనైతే ఊరంతా చెప్పాలని ఒక్క పరుగు తీశాను. ఆ కబురుకి ఊళ్లో ఏదో కదిలింది. పొలం గట్టు తగాదాతో విడిపోయిన అన్నదమ్ములు కలిసి పందిరికి ఆకు మోశారు. ఎవరు ఎవరి వాకిట్లోకి వెళ్తున్నారా అని పిల్లలం వీధులన్నీ తిరిగాం. ప్రసంగీకులు పడవ దిగేసరికి అమ్మా దొడ్డమ్మా ఒకే చాప మీద కూర్చుని పాడుతున్నారు, పందిరంతా వాళ్ల వెనకే అందుకుంది. ప్రసంగంలో ఏం చెప్పారో ఒక్క ముక్కా గుర్తులేదు గానీ, ఆ పాటకి ఒళ్లు పులకరించింది మాత్రం నిన్నటి సంగతిలా ఉంది.

ఇప్పుడు కుర్చీలూ మైకులూ అన్నీ వేళకి ముందే సిద్ధమైపోతున్నాయి. మా కోడలు వాళ్లూ భక్తిగానే వెళ్తారు, కాదనను. కానీ కూటాలకు ముందు వారంలో, ఫలానా వాళ్లింటికి వెళ్లొస్తానని చెప్పి, గుండె చిక్కబట్టుకుని గడప దాటేవాళ్లు ఈమధ్య నాకు కనబడలేదు.