సింహాద్రి తోటలో హద్దురాయి

మా అక్క భర్త మన్మథరావు బావ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వారమంతా జీడిపిక్కల బస్తాల మధ్య ఉండేవాడు. ఆదివారం వస్తే మరో ముగ్గురిని వెంటేసుకుని మోటారుసైకిళ్ల మీద ఊళ్లు తిరిగేవాడు. శాసనాల రాళ్లు, పాడుబడ్డ నూతులు, పొలాల్లో తేలిన కుండపెంకులు, ఏది కనిపించినా కొలిచి, ఫొటో తీసి, నోటుపుస్తకంలో రాసుకోవడమే పని. మందస వైపు జనం వాళ్లను "రాళ్లోళ్లు" అనేవారు. అక్క మాత్రం, "ఆదివారం ఈ మనిషి నాకేసి సూడాలంటే నానూ రాయైపోవాల" అనేది.

బారువ దారిలో సింహాద్రి అనే రైతు కొబ్బరితోటలో నడుమెత్తు రాయి ఒకటి ఉండేది. పైన సూర్యచంద్రులు, కింద నాలుగు వరుసల అరిగిన అక్షరాలు. ఎప్పుడో దానమిచ్చిన భూమికి హద్దురాయి. ట్రాక్టరు తగిలి ఒరిగిందని తెలిసి, పగిలిపోతుందన్న భయంతో బావవాళ్లు దాన్ని ఊరి లైబ్రరీ వరండాకు చేర్చారు. చోటు కూడా రాసుకున్నాడు: "పెద్ద పనసకు తూర్పున ఇరవై రెండు అడుగులు. జంట కొబ్బరిచెట్లకు ఎదురుగా." ఉద్దానంలో పుట్టినవాళ్లం ఏ చోటైనా చెట్లతోనే చెబుతాం.

మూడేళ్లకు తిత్లీ తుఫాను వచ్చింది. ఆ తోటలో ఒక్క చెట్టు మిగల్లేదు. మొదళ్లు కూడా పెరికించి, నేల చదును చేయించి, సింహాద్రి జీడిమొక్కలు వేశాడు. ఫొటోలు తిరగేస్తే అన్నీ అక్షరాల కోసం దగ్గర్నుంచి తీసినవే. చుట్టుపక్కల ఏముందో ఒక్కదానిలోనూ లేదు.

"హద్దురాయి దాని హద్దులో లేకపోతే అదేటి సెప్తాది? కాపాడేననుకున్నాను గానీ, దాని నోరు నొక్కేసేను" అన్నాడు బావ నాతో.

కిడ్నీలు చెడి, వారానికి రెండు రోజులు డయాలసిస్‌కు వెళ్లడం మొదలయ్యాక అదే ధ్యాస. తానుండగానే ఆ రాయిని దాని చోట నిలబెట్టాలి. కిందటేడు మాఘంలో ఏవో లెక్కలు వేసి, తోటలో ఒక చోట గుంజ పాతాడు.

"ఇక్కడే" అన్నాడు. సింహాద్రి తల గోక్కున్నాడు.

అటుగా పోతున్న దాలమ్మ గట్టు మీద ఆగింది. ఊరూరా ఎండుచేపలమ్మే మనిషి, డెబ్బై దాటింది.

"మా రాయెత్తుకుపోనోడివి నువ్వేనా?"

"మీ రాయేటి పిన్నీ?"

"మరి నీదేటి? బారువ కాణ్ణించి గంపలెత్తుకొచ్చి దాన్మీదే దించుకునీవోలం. నువ్వు పట్టుకుపోనావు, మా మెడలిరిగిపోనాయి."

బావ ఆమె దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. "ఎక్కడుండీది? సూపించు!"

ఆమె నాలుగు దిక్కులా చూసింది. "సెట్టూ సేమా లేకుండా ఎలగ సెప్పీది? గంప నింపండి. బరువుంటే కాళ్లకి తెలుస్తాది."

సింహాద్రి ఆమె ఖాళీ గంపలో మట్టిబెడ్డలు వేశాడు. ఈ వయసులో వద్దని నేను అడ్డం వెళితే, "నువ్వు మొయ్యగలవేటి? మరి పక్కకి జరుగు" అంది. కాలవ గట్టు దాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఆమె వెనక టేపు పట్టుకుని నలుగురు రాళ్లోళ్లు, వాళ్ల వెనక మేము. బావ పాతిన గుంజను ఆమె దాటిపోయింది.

"పిన్నీ, అదీ..." అన్నాడు బావ. ఆమె వినిపించుకోలేదు. ఇంకో నలభై అడుగులు వేసి ఆగింది. చేతులు వాటంతటవే గంప మీదికి లేచాయి.

"ఇక్కడ."

తవ్వితే మోకాలిలోతున గుండ్రంగా పేర్చిన నల్లరాళ్లు బయటపడ్డాయి. నడుమ ఆ రాయి మొదలు పట్టేంత ఖాళీ. బావ వెనక్కి వెళ్లి తన గుంజను తానే ఊడదీశాడు. సాయం పట్టబోతే వద్దన్నాడు. తరువాత నోటుపుస్తకంలో ఇలా రాశాడు: "చోటు చూపినది దాలమ్మ, తలమీద బరువుతో నడిచి." ఈసారి నూతి గట్టు నుంచి, కాలవ వంతెన నుంచి కొలతలు తీయించాడు.

ఆ తరువాతి ఆదివారం రాయిని తెచ్చి నిలబెట్టారు. డయాలసిస్‌కు సూది గుచ్చే చెయ్యి కావడంతో బావ బరువు పట్టలేదు. మట్టి కూరి, అందరూ చేతులు కడుక్కున్నాక దాలమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"మొగం ఇటు కాదు. సముద్రమేపుండాల."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదే తల్లీ!" అన్నాడు బావ.

"నువ్వడిగేవేటి?"

బావ మట్టిలోనే కూలబడి నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. మళ్లీ గునపం అందుకోమని సింహాద్రికి సైగ చేశాడు. చీకటి పడేలోగా రాయి సముద్రం వైపు తిరిగింది. చైత్రం వెళ్లకముందే బావ పోయాడు.