వంటవాళ్లొచ్చాక వచ్చినవాడు

రేడియోలో నాటకాల ప్రొడ్యూసర్‌గా నాకు మిగిలిన చివరి వేసవిలో, నెల్లూరులో జరిగే నాటక పోటీలకు నన్ను పరిశీలకుడిగా వేశారు. పోటీకి ముందే జట్టు ఉన్న ఊరికి వెళ్లి, నాటకం మొత్తం వేయించుకుని చూసి, పోటీకి పనికొస్తుందో లేదో తేల్చడమే పరిశీలన. నాకు తోడు రంగారావు గారు. పాతకాలపు నటుడు, మరీ మంచి మనిషి. ఆ మంచితనమే నాకు చిరాకు.

ఆ ఏడు రెండు జట్లు ఒకే నాటకం పంపాయి. నియమం ప్రకారం ఒక నాటకానికి ఒక జట్టే. కథ ఇది: సముద్రం మీద చేపల వేటకు పోయిన పోలయ్య తిరిగి రాడు. పోయాడనుకుని ఇంటివాళ్లు దినాలు పెట్టుకుంటారు. పందిరి వేసి, చుట్టాలు దిగి, పొయ్యి మీద డేగిసాలు ఎక్కాక పోలయ్య నడిచొస్తాడు. భోజనాలయ్యేదాకా దాక్కోమంటారు. ఆకలికి ఆగలేక చివరికి తన దినం కూడు తానే పంక్తిలో కూర్చుని తింటాడు.

దీన్ని అంతకుముందే ఎవరో సినిమాగా తీశారు. అందులో పోలయ్య రాగానే వయొలిన్ మొదలవుతుంది, భార్య వలవలా ఏడుస్తుంది. నాకు ఒళ్లు మండింది. నవ్వాల్సిన చోట ఏడిపిస్తే ఆ నాటకమెందుకు? నెల్లూరు జట్టు దానికి విరుగుడు. భార్య "ఇప్పుడా వచ్చేది? వంటవాళ్లొచ్చేసినారే!" అని అరిచి, గరిటె పట్టుకుని మొగుడి వెంటపడుతుంది. ఖాళీ హాల్లో మేమిద్దరమే. పరిశీలకులు నవ్వకూడదు. నేను నవ్వు ఆపుకోవడానికి చేతులు నలుపుకుంటూ గడిపాను.

రెండో జట్టుది బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. హాలు లేదు గనక బడి వరండాలో వేశారు, ఊరంతా వచ్చింది. భార్య వేషం కోటమ్మది. పోలయ్య రాగానే ఆమె అరవలేదు. తడి ఉందేమోనని అతని చొక్కా కొస పట్టుకుని పిండి చూసింది. ఆ తర్వాతే మెల్లగా "ఇప్పుడా వచ్చేది?" అన్న మాట అంది. జనం విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కోటమ్మ భర్త నిజంగానే వేటకు పోయి రాలేదని నాటకం అయ్యాక తెలిసింది. మనిషి దొరకలేదు, దినాలు చేసేశారు. రంగారావు గారు అక్కడికక్కడే తేల్చేశారు: ఆమెను పోటీకి లాక్కెళ్లడం పాపం, నెల్లూరు జట్టుకే అవకాశం ఇద్దామని. పాపమో పుణ్యమో ఆమెనే అడుగుదామన్నాను.

"రిహార్సల్లో మా ఆయన దినామూ వస్తుండాడు సార్," అంది కోటమ్మ. "వచ్చినోణ్ణి తిట్టకుండా ఎట్టుంటా? మీరు వద్దంటే రేపట్నించి రాడు."

రంగారావు గారు తన మాట వెనక్కి తీసుకున్నారు. ఆ జట్టునే ఎంపిక చేశాం.

పోటీ రోజు మార్కులు వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నిండు హాల్లో, ఆమె చొక్కా పిండి, ఆ మాట అని, ఆగకుండా "ఇన్నాళ్లూ యాడ చచ్చినావయ్యా?" అంది. అది రాతప్రతిలో లేదు. ప్రతిలో లేని మాటకు మార్కులు తగ్గించాలి. బాధగానే ఉంది, అయినా తగ్గించాను. మొదటి బహుమతి వేరే నాటకానికి పోయింది.

బయట మెట్ల దగ్గర కోటమ్మ ఎదురైంది. బహుమతి సంగతి నిలదీస్తుందని జవాబు కూడబలుక్కున్నాను. ఆమె అడిగింది వేరు: "మళ్లా ఎప్పుడు సార్ యేసేది?"

ఎవరు ఎలా వేశారో పోల్చి మార్కులు వేయడం నాకు వచ్చిన పని. ఎందుకు వేస్తున్నారన్నది ఆ మార్కుల్లోకి రాదని ఆ మెట్ల మీద నేర్చుకున్నాను. రిటైరయ్యాక కూడా పరిశీలనకు వెళ్తున్నాను. ముందు ఎందుకు వేస్తున్నారని అడిగాకే కలం తీస్తాను.