యారాలు చూపించిన పుట్ట

ఇప్పుడు సారలమ్మ తెల్లారి లేచి గ్యాస్ పొయ్యి ముట్టిస్తుంది. ఇదివరకు అట్లా కాదు. కోడి కూయకముందే యారాలు లక్ష్మీనర్సమ్మ, అంటే బావ బాలరాజు భార్య, పక్క గదిలోంచి వచ్చి కొడవలి పిడితో తలుపు కొట్టేది. ఇద్దరూ సద్ది కట్టుకుని ఉప్పల్ దాటి చెంగిచర్ల అడవికి నడిచేవాళ్ళు. కట్టెలు ఏరి, మోపులు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ నాచారం ఫ్యాక్టరీకి పోయి ఉండేవారు. పొగకు కళ్ళు పోతున్నాయి, గ్యాస్ తెప్పించమని కోడళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి అడిగారు. అడవిలో కట్టె ఊరికే దొరుకుతుంటే గ్యాసెందుకని అత్త కొట్టిపారేసింది. లక్ష్మీనర్సమ్మ పోయిన నెలకే సిలిండర్ వచ్చింది. మోసే తల ఒకటే మిగిలింది మరి, ఒక్క మోపుతో ఆ ఇల్లు గడవదు.

ఇద్దరూ జనగామ దిక్కు నుంచి వచ్చినవాళ్ళే. ఏ కట్టె పొగ పెడుతుందో, ఏది నిలిచి మండుతుందో, అడవి జవాను ఏ పూట ఎటు తిరుగుతాడో చెప్పింది లక్ష్మీనర్సమ్మే. నోరు మాత్రం ఊరుకునేది కాదు. సారలమ్మ కట్టిన మోపు చూసి, "గిది మోపా చెల్లె, పండ్లు తోముకునే పుల్లలా?" అనేది. అంటూనే దారిలో చెల్లెలి మెడ వంగిపోతే రెండు లావు కట్టెలు లాగి తన మోపులో దోపుకునేది.

వానాకాలం తొలి ఉరుము ఉరిమితే కట్టెల పని వెనక్కి పోయేది. ఆ తెల్లవారి పుట్టల మీద తెల్లటి గొడుగుల్లా పుట్టకొక్కులు లేస్తాయి. లక్ష్మీనర్సమ్మకు ఒక పుట్ట ఎరుక. అదెక్కడో సారలమ్మకు కూడా చెప్పలేదు, మోదుగు చెట్టు కింద కూర్చోబెట్టి తను ఒక్కతే పొదల్లోకి పోయేది. పుట్ట దగ్గర నోరిప్పితే, ఎవరినైనా పిలిస్తే, అవి తిరిగి మన్నులోకి దిగిపోతాయని అత్త నేర్పిన మాట. అత్తకు వాళ్ళ అత్త నేర్పింది.

ఆ ఏడు కూడా అట్లాగే పోయింది.

"నేనొచ్చేదాంక పిల్వకు. పోయినేడు నీ దగ్గుకే సగం లోపటికి పోయినయ్," అని నవ్వి కొంగు దోపుకుంది.

సారలమ్మ కూర్చుంది. ఎండ చెట్టు దిగి కాళ్ళ మీదికి వచ్చింది. ఇంతసేపు రాలేదంటే చాలా దొరికినట్టుందని సంబరపడింది. ఒకసారి నోటిదాకా పిలుపు వచ్చింది, మింగేసింది. చివరికి ఆగలేక, అలికిడి కాకుండా పొదలు తప్పించుకుంటూ పోయింది.

లక్ష్మీనర్సమ్మ పుట్టకు ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు చింపి పిక్క మీద కట్టుకుంది. కాలు నల్లబడింది. ఒడి నిండా తెల్లగా పుట్టగొడుగులు. పురుగు ముట్టిందని, పాము కాటేనని చూడగానే తెలిసింది.

"పిల్వకపోతివి అక్కా," అంది సారలమ్మ.

"పిలిస్తే పోతయ్ గద," అంది ఆమె, నాలుక మందపడ్డ గొంతుతో. "ఇంక కొన్నున్నయ్. తెంపు."

అప్పుడు సారలమ్మ అరిచింది. గొర్రెలు కాసేవాళ్ళు వచ్చారు, రోడ్డు మీది ఆటోవాడు వచ్చాడు, కబురంది బాలరాజు కూడా పరుగున వచ్చాడు. పుట్ట చుట్టూ కేకలు, తొక్కులాట. అంత గోలలోనూ మిగిలిన పుట్టగొడుగులు తెల్లగా నిలబడే ఉన్నాయి. ఒక్కటి లోపలికి పోలేదు. దవాఖానా చేరకముందే లక్ష్మీనర్సమ్మ పోయింది.

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. బంగారమసొంటి కోడలని అత్త గుండెలు బాదుకుంది. బాదుకుంటూనే ఒడిలోవి విప్పి, పారేస్తే పాపమని ఎదురింటివాళ్ళకిచ్చింది. ఏడుపుల మధ్యకు వాళ్ళ కూర వాసన వచ్చింది. సారలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

తర్వాతి వానల్లో అత్త ఎన్ని విధాల పోరినా సారలమ్మ అడవి దిక్కు పోలేదు. యారాలి తావులో తనను నిలబెడతారనే ఆమె భయం. తెలంగాణ వచ్చిన ఏడు తొలి ఉరుము ఉరిమిన తెల్లవారి, బాలరాజు తువ్వాల మూట తెచ్చి తల్లి ముందు విప్పాడు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడడు కాబట్టి ఏమీ అనకుండా స్నానానికి పోయాడు.

"మస్తు దెచ్చిండు నా కొడుకు," అని అత్త వాటిని బేసిన్‌లో పోసింది. "కడిగి, జర కారమెక్కువేసి వండు."

"ఏడియి అత్తా?"

"ఏడియంటే? గా పుట్టయే. బతికినన్నొద్దులు ఎవ్వలకు జెప్పకపాయె. పొయ్యేటప్పుడు సూపించిపాయె." పళ్ళు లేని నోటితో చిన్నగా నవ్వింది.

సారలమ్మ బేసిన్ కేసి చూసింది. గొడుగుల అంచులకు ఎర్రమన్ను అంటి ఉంది. లేచి పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. ఇల్లు ఊడ్చింది, బేసిన్ ఉన్నంత మేర వదిలేసి. బట్టలు పిండి ఆరేసింది. గవి కడగవేందే అని అత్త రెండు మూడుసార్లు అడిగింది. పుట్టకొక్కులు వాడిపోతే పురుగులు పడతాయని కూడా గుర్తు చేసింది.

మధ్యాహ్నానికి అంచులు నల్లబడి, నీరు కారడం మొదలైంది. బావ తినడానికి కూర్చున్నాడు. సారలమ్మ బేసిన్ పక్కనుంచి దాటిపోయి, అతని పళ్ళెంలో పప్పు పోసింది.