మెడకు ఒకే పక్క పసుపు

మడకశిర బస్సు ఎక్కినప్పటి నుంచి నాకు కూర్చున్న చోట కుదురు లేదు. గుర్రాన్ని చూడ్డానికి పోతున్నాం! అదీ స్టాండర్డ్‌బ్రెడ్ అట. బండికి కట్టడానికే పెంచే జాతి. దౌడు తీయకుండా, టకటకా అడుగులు వేస్తూ నడకలోనే వేగం చూపిస్తుంది. ఫోనులో ఆ గుర్రాల వీడియోలు చూసీ చూసీ మా ఆయన కంటే నాకే పిచ్చి ఎక్కువైంది. ఆయన పెళ్ళిళ్ళకు గుర్రపుబండి తోలుతాడు. మా ముసలి గుర్రం ఇక లాగలేకపోతోంది.

నేను పెట్టిన షరతు ఒక్కటే. గుర్రాన్ని కట్టేది మా వాకిట్లోనే. నాలుగేళ్ళ మా పాపను దాని కాళ్ళ దగ్గరికి పోకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. కరిచేదైనా తన్నేదైనా, ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఊరి బయట గొర్రెల దొడ్డి పక్కన కట్టేసి ఉంది. చింతపిక్క రంగు, నూనె రాసినట్టు మెరిసే వీపు. చూడగానే పాపా నేనూ ఒకేసారి "అబ్బా" అన్నాం. అమ్మేవాళ్ళు భార్యాభర్తలు. బెంగళూరు వైపు ఒక తోటలో పనిచేసి, యజమాని తోట అమ్ముకున్నప్పుడు ఈ ఆడగుర్రాన్ని తెచ్చుకున్నారట.

"ముట్టుకోమ్మా. పసిబిడ్డ లెక్క ఉంటాది," అన్నాడాయన.

ముట్టుకున్నాను. మెడకు కుడిపక్క అరచేయంత మేర పసుపు దట్టంగా పూసి, బొట్టు పెట్టారు. ఎడమపక్క ఏమీ లేదు. ఏం దాస్తున్నారు? పుండా? బెదిరి కంచెకు గుద్దుకుందా? నా బుర్ర అప్పుడే పాపను ఆసుపత్రి దాకా మోసుకుపోయింది.

"ఏమన్నా, ఒకే పక్క పూసినారు?"

"శుక్రారం కదమ్మా."

"శుక్రారం ఒక పక్కకే వచ్చినాదా?" అన్నాడు మా ఆయన.

అమ్మేవాడి భార్య ఇక ఆగలేదు. "పూయొద్దయ్యా అని పొద్దున్నే చెప్పినా. ఇప్పుడు సూడు, దొంగల్ని సూసినట్ల సూస్తాండారు!" చెంబుతో నీళ్ళు తెచ్చి తనే కడిగేసింది. పసుపు కింద పుండు లేదు. వెంట్రుకల సుడి ఉంది, అంతే.

"ఆడ సుడి ఉంటే ఇంటికి అచ్చిరాదంట," అన్నాడు ఆమె భర్త తల వంచుకుని. "వచ్చినోళ్ళంతా అది సూసి ఎనక్కి పోయినారు."

నేను పకపకా నవ్వేశాను. "సుడేనా అన్నా! తన్నదు కదా?"

"సుడి యాడన్నా తంతాదా తల్లీ!" అంది ఆమె.

మా ఆయన మాత్రం నవ్వలేదు. బండ్లు తోలేవాళ్ళకు సుళ్ళ పట్టింపు ఎక్కువ. "మా నాయన ఉంటే దీన్ని వాకిలి తొక్కనిచ్చేవాడు కాదు," అన్నాడు నాతో మెల్లగా.

"నీ కూతురి నెత్తిన రెండు సుళ్ళుండాయి. ఆ పిల్లనేం చేద్దాం?"

"సరే, బండి కట్టి చూపించన్నా," అన్నాడు అమ్మేవాడితో.

గుర్రాన్ని వాళ్ళ బండికి కట్టారు, మేం ఎక్కాం. పాపను ఒళ్ళో బిగించి పట్టుకున్నాను. టకటక టకటక! వేరుశెనగ చేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ఎదురుగా లారీ ఒకటి హారన్ మోగిస్తూ దూసుకొచ్చింది. గుర్రం ఒక చెవి అటు తిప్పిందే గానీ అడుగు తప్పలేదు. ఉలిక్కిపడింది నేనొక్కదాన్నే.

దిగీ దిగగానే పాప నా చేయి విడిపించుకుని, పరిగెత్తి దాని ముందుకాలును వాటేసుకుంది. నేను వెనకే ఉరికాను. గుర్రం ఆ కాలు కదపనే లేదు. తల వంచి, పాప జడను వాసన చూసి, రిబ్బను కొస నోట్లోకి తీసుకుంది.

"నా రిబ్బను!" అని పాప కిలకిలా నవ్వుతోంది.

"ఇంకా ఏం చూస్తాండావు?" అన్నాను మా ఆయనతో. "పోయి బేరం మాట్లాడు."