శామీర్‌పేట రేసు

మౌంటెన్ బైక్ రేసుల్లో మా చిన్న జట్టుకు పెద్దదిక్కు, మచ్చ బొల్లారం నుంచి వచ్చే అక్క. వానలు తగ్గగానే మమ్మల్ని శామీర్‌పేట గుట్టల్లోకి తీసుకెళ్ళి, పిడికెడు మట్టి తీసుకుని నలిపి చూసేది. అది చేతిలో ఉండగానే సీజన్‌లో ఏ రేసుకు ఎంత కష్టపడాలో తేల్చేది.

"గీ మొదటి రేసులు నేర్సుకునేతందుకే. ఆఖరుది శామీర్‌పేటల. గది మాత్రం గెలవాలె," అనేది. ఆమె అది ఎప్పుడూ గెలవలేదు.

ఒక ఏడు శామీర్‌పేట రేసు ఆఖరి దిగుడులో అక్కే అందరికంటే ముందుంది. వెనకే వస్తున్న నేను రాళ్ళమీద పడి అరిచాను. సైకిల్ పక్కన పడేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు పో అక్కా, గెలుస్తవ్!"

"సప్పుడు జెయ్యకు. ముందుగాల చెయ్యి కదిలియ్యి, జూస్త."

మణికట్టు విరిగింది. రెండు సైకిళ్ళూ తనే తోసుకుంటూ, నాతోపాటు అందరికన్నా చివరగా ముగింపు గీత దాటింది.

ఆ ఎండాకాలమే ఉద్యోగం మారి పూణె వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏ రేసుకు ఎంత కష్టపడాలో జట్టుకు చెప్పేది నేనే. చెబుతుంటే నా గొంతులో ఆమె మాటే వినిపిస్తుంది. ఈసారి శామీర్‌పేట రేసుకు ఆమె పేరు కూడా ఇచ్చి, ఫోన్ చేసి చెప్పాను. వస్తానని అనలేదు. గుట్టల్లో మట్టి ఎలా ఉందని మాత్రం అడిగింది.