పిల్లికూతలు

నా చిన్నప్పుడు, రేపల్లెలో మా వీధి మొత్తానికి తెలిసిన సంగతి ఒకటుంది: నాకు ఉబ్బసం. నాలుగేళ్ళ వయసులోనే మా ఊరి డాక్టరుగారు చెప్పారు. చలి మొదలైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు వచ్చేవి. అమ్మ వీపు రాస్తూ కూర్చునేది.

ఎనభైల్లో, నాకు పదకొండేళ్ళప్పుడు, నాన్న నన్ను తెనాలిలో ఒక స్పెషలిస్టుకు చూపించారు. ఆ రోజు నా ఖర్మకొద్దీ ఊపిరి హాయిగా ఆడుతోంది. ఆయన స్టెతస్కోపు పెట్టి విని, ఎక్స్‌రే చూసి, "ఉబ్బసమని ఎవరన్నారండీ? ఏమీ లేదు. బడి ఎగ్గొట్టడానికి పిల్లలు ఇలాంటివి నేర్చుకుంటారు" అన్నారు. ఏడేళ్ళుగా నేను పడ్డదంతా ఆ ఒక్క మాటతో అబద్ధమైపోయింది.

మందులు మానిపించారు. ఆయాసం మాత్రం మానలేదు. నేను రొప్పుతుంటే నాన్న పేపరులోంచి తల ఎత్తేవారు కాదు. అమ్మ దగ్గరికి రాబోయి, ఆయన వైపు చూసి ఆగిపోయేది. దొడ్లో గోడవారగా కూర్చుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, చప్పుడు వినబడకుండా ఊపిరి పీల్చుకునేదాన్ని. కొన్నాళ్ళకి నిజంగానే నటిస్తున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.

సెలవులకి బాపట్లలో మా పెద్దమ్మ ఇంటికి పంపారు. ఆవిడ లెక్కల టీచరు. ఒక ఉదయం దిళ్ళ కోసం బూరుగుదూది ఏకుతుంటే నాకు ఆయాసం వచ్చింది. అలవాటుగా పెరట్లోకి పోయి దాక్కున్నాను. పెద్దమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"నటించట్లేదు పెద్దమ్మా" అన్నాను, ఆవిడ అడక్కుండానే.

ఆవిడ నా వీపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. "నటించడమేంటే? నాకు వినబడుతోందిగా! గంటసేపు రైల్లో కూర్చోగలవా?" అంది.

తెనాలి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. అదే డాక్టరు గదిలో నిలబడి, "పోయినసారి పిల్ల బాగున్నప్పుడు విన్నారండి. ఇప్పుడు వినండి" అంది. గొంతు పెంచలేదు. ఆయన విన్నారు. మళ్ళీ విన్నారు. నా ముఖం చూడకుండానే, "ఉబ్బసమేనండి" అని మందులు రాశారు.

నేను ఇంటికి తిరిగొచ్చాక పొద్దున్నే మాత్ర, మంచినీళ్ళ గ్లాసు నాన్నే తెచ్చి ఇచ్చేవారు.

ఇప్పటికీ కొత్త డాక్టరు ముందు కూర్చుంటే నాకు మాట తడబడుతుంది. ఆ బెరుకు ఇక పోదు. కానీ బడికి వెళ్ళే వేళకి మనవరాలు కడుపునొప్పి అంటూ వస్తే, నిజమేనా అని మాత్రం అడగను. పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ నొప్పో చూపించమంటాను.